నలుగురిలో ఇద్దరు: ఒక వైద్య వార్తకు వ్యాఖ్యానం

అవతారిక

2025 మార్చిలో టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయ వైద్యులు విలేకరులను పిలిచి ఒక ఫలితం ప్రకటించారు. ఇలాంటి కబురు చేతులు మారుతున్నకొద్దీ పొట్టిదైపోతుంది. ఫోన్ల దాకా వచ్చేసరికి "మూలకణాలతో వెన్నుపాము బాగవుతుంది" అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది. మంచాన పడ్డ కొడుకు ఉన్న ఇంట్లో ఆ ముక్క చాలు, ఎకరం పొలం బేరానికి పెట్టడానికి.

అందుకని ఆ ఫలితాన్ని కుదించకుండా ఒకే వాక్యంగా రాసుకుందాం. వ్యాఖ్యాతలు పద్యాన్ని విప్పిన పద్ధతిలో దాన్ని పదం పదం విడదీసి చూద్దాం. ఇందులో అలంకారానికి వేసిన పదం ఒక్కటీ లేదు. ప్రతి పదమూ ఒక షరతు. ఏ ఒక్కటి జారిపోయినా వాక్యం అబద్ధమవుతుంది.

మూలం

వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్న నలుగురికి, గాయమైన రెండు నుంచి నాలుగు వారాల మధ్య, ఐపీఎస్ కణాల నుంచి తయారుచేసిన నాడీ మూలకణాలను, ఒక్కొక్కరికి 20 లక్షల చొప్పున, గాయమైన చోట నాటగా, ఏడాది గడిచేసరికి తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించలేదు, ఇద్దరిలో కదలిక మెరుగైంది.

వెన్నుపాము

వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. మొదటిది ఎముక. విరిగితే రాడ్లు, స్క్రూలు వేసి నిలబెడతారు, కొన్నాళ్లకు అతుకుతుంది. రెండోది దాని లోపల సాగే నాడీ కణజాలం. పెద్దవాళ్లలో దాదాపు 45 సెంటీమీటర్ల పొడవుంటుంది. మెదడు అడుగున మొదలై, నడుములో మొదటి రెండు పూసల దగ్గరికి వచ్చేసరికి ముగుస్తుంది. దాన్నుంచి 31 జతల నాడులు ఒంట్లోకి వెళ్తాయి. కాలు కదపమని మెదడు ఇచ్చే ఆజ్ఞ, కాలికి ముల్లు గుచ్చుకుందన్న కబురు, మూత్రాశయాన్నీ పేగునూ రక్తపోటునూ నడిపే సంకేతాలు, అన్నీ ఈ సన్నని దారిలోనే పోవాలి. మెడ దగ్గర దెబ్బతింటే కాళ్లూ చేతులూ పడిపోతాయి. వీపు మధ్యలో అయితే కాళ్లు పోతాయి. ఎక్కడ దెబ్బతిన్నా మూత్రం మీద, విరేచనం మీద అదుపు తప్పడం మామూలు.

ప్రపంచంలో కోటిన్నర మందికి పైగా ఈ గాయంతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడటం ముఖ్య కారణాలు. తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికుడు, సెంట్రింగ్ మీంచి పడ్డ కూలీ, హెల్మెట్ ఉన్నా మెడ విరిగిన బైకు కుర్రాడు మన ఊళ్లలో అందరికీ తెలిసినవాళ్లే. తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు రక్షణ పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. వెన్నుపాము విషయంలో ఇప్పటిదాకా మనిషి చేతిలో ఉన్న అత్యంత నమ్మకమైన వైద్యం ఇదే, పడకుండా చూడటం.

పూర్తిగా దెబ్బతిన్న

పేపర్లో చదివితే "పూర్తిగా" అన్నది ఊతపదంలా ఉంటుంది. వైద్యుల దగ్గర అది కొలత. అమెరికన్ స్పైనల్ ఇంజురీ అసోసియేషన్ పేరు మీద వాడే స్కేలులో 'ఏ' నుంచి 'ఈ' దాకా అయిదు మెట్లున్నాయి. డాక్టరు ఒంటికి ఒక్కో పక్కన 28 చోట్ల దూదితో తాకి, సూదిమొనతో గుచ్చి చూస్తాడు. చేతిలో అయిదు, కాలిలో అయిదు కండరాల బలాన్ని సున్నా నుంచి అయిదు వరకు అంకెలతో రాస్తాడు. చివరగా చేసే పరీక్ష గురించి బయట ఎవరూ మాట్లాడరు. తొడుగు వేసుకున్న వేలితో మలద్వారం దగ్గర స్పర్శ తెలుస్తోందా, బిగించగలుగుతున్నాడా అని చూస్తారు. వెన్నుపాము చిట్టచివరి నాడులు అక్కడికి వెళ్తాయి. అక్కడ స్పర్శా లేక, కదలికా లేకపోతే 'ఏ' మెట్టు, అంటే పూర్తి గాయం. స్పర్శ మాత్రమే ఉంటే బీ. కదలిక ఉండి బలం చాలకపోతే సీ. గాయం కింది కండరాల్లో సగమైనా గురుత్వాకర్షణకు ఎదురుగా కదలగలిగితే డీ. మామూలుగా ఉంటే 'ఈ'.

ఇక్కడ ఒక శంక. పూర్తి గాయమంటే వెన్నుపాము రెండు ముక్కలైనట్టేనా? సమాధానం: చాలామందిలో కాదు. కత్తిపోటులో తెగవచ్చు గానీ, ప్రమాదాల్లో ఎక్కువగా జరిగేది నలిగిపోవడం. 'ఏ' మెట్టులో ఉన్నవాళ్లలోనూ అంచున కొన్ని తంతువులు బతికి ఉండవచ్చు. అందుకే 'ఏ' మెట్టులో చేరినవాళ్లలో దాదాపు అయిదింట ఒకరు, ఏ కణాలూ ఎక్కించకుండానే, ఏడాదిలోపు ఒక మెట్టో రెండు మెట్లో పైకి వస్తారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. "ఇద్దరిలో" అన్న పదం దగ్గర దీనితో మళ్లీ పనుంది.

గాయమైన రెండు నుంచి నాలుగు వారాల మధ్య

వాక్యం మొత్తానికీ గట్టి షరతు ఇదే. ప్రకటనల్లో మొదట ఎగిరిపోయేదీ ఇదే.

వెన్నుపాముకు దెబ్బ రెండు విడతలుగా తగులుతుంది. పూస విరిగి నొక్కిన క్షణంలో కొన్ని కణాలు చస్తాయి. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో అసలు నష్టం పెరుగుతుంది. రక్తస్రావం, వాపు, చనిపోయిన కణాల నుంచి చిమ్మిన రసాయనాలు, వాటిని శుభ్రం చేయడానికి వచ్చిన రోగనిరోధక కణాల దాడి. మొదటి వారంలో అక్కడ ఏ కణాన్ని పెట్టినా బతకడం కష్టం. నెలలు గడిచాక మరో చిక్కు. నలిగిన చోట నీరు నిండిన గుల్ల ఏర్పడుతుంది. దాని చుట్టూ ఆస్ట్రోసైట్లనే కణాలు అల్లుకుని మచ్చ కడతాయి. ఆ మచ్చలో ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రొటియోగ్లైకాన్లు నాడీ తంతువుల ఎదుగుదలను ఆపుతాయని అమెరికా శాస్త్రవేత్త జెర్రీ సిల్వర్ వంటివారు చూపించారు. 2002లో లండన్ బృందం ఎలుకల్లో ఆ పదార్థాన్ని కరిగించే ఎంజైము ఇస్తే తంతువులు కొంత ఎదిగి, కదలిక కూడా కొంత మెరుగైంది. అయితే 2016లో మైకేల్ సోఫ్రోన్యూ బృందం మచ్చను ఏర్పడకుండా ఆపి చూస్తే తంతువులు ఎదగలేదు సరికదా, పరిస్థితి మరింత చెడింది. మచ్చ అడ్డమూ అవుతోంది, ఆసరా కూడా అవుతోంది. దాన్ని గీకి పారేస్తే సరిపోతుందన్న ఆలోచన అక్కడితో నిలిచింది.

మొదటి మంట చల్లారి, మచ్చ ఇంకా గట్టిపడని ఆ కొద్దిరోజుల సందునే కేయో వైద్యులు ఎంచుకున్నారు. గాయమై అయిదేళ్లయినవాళ్ల గురించి ఈ వాక్యం ఏమీ చెప్పదు. వెన్నుపాము గాయంతో బతుకుతున్నవాళ్లలో అత్యధికులు పాత గాయాలవాళ్లే. వాళ్ల మీద జరిగిన ప్రయత్నాలు లేకపోలేదు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2014లో మొదలైన ఒక ట్రయల్‌లో, పిండం వెన్నుపాము నుంచి పెంచిన కణాలను పాత గాయాలున్న నలుగురికి నాటారు. 2018లో వచ్చిన నివేదిక ప్రకారం ఇద్దరిలో స్పర్శ, కదలిక ఒకటి రెండు స్థాయిలు మెరుగయ్యాయి. ఎవరూ లేచి నడవలేదు.

ఐపీఎస్ కణాల నుంచి

షిన్యా యమనక 2006లో ఎలుక చర్మకణాలకు, 2007లో మనిషి చర్మకణాలకు నాలుగు జన్యువులను జోడించి, వాటిని పిండదశలోని కణాల స్థితికి తీసుకెళ్లారు. ఒంట్లోని ఏ రకం కణంగానైనా మారగల స్థితి అది. అలా తయారైనవే ఐపీఎస్ కణాలు. దీనికి 2012లో జాన్ గర్డన్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు నాడీ మూలకణాలు కావాలంటే గర్భస్రావమైన పిండాల కణజాలమో, కృత్రిమ గర్భధారణలో మిగిలిన పిండాల నుంచి తీసిన కణాలో కావలసి వచ్చేవి. అమెరికాలో జెరాన్ కంపెనీ 2010 అక్టోబరులో అట్లాంటాలో తొలి రోగికి ఎక్కించినవి ఈ రెండో రకం నుంచి పెంచినవే. అయిదుగురికి ఎక్కించాక, 2011 నవంబరులో, డబ్బు చాలక ఆ కంపెనీ ట్రయల్ ఆపేసింది.

ఇక్కడ ఈ పదానికీ, పైన చూసిన గడువుకూ అన్వయం కుదర్చాలి. ఐపీఎస్ కణాలు రోగి చర్మం నుంచే తీయవచ్చు గదా, అప్పుడు ఒళ్లు వాటిని పరాయివిగా చూసి తిప్పికొట్టదు గదా అనిపిస్తుంది. నిజమే. కానీ ఒక మనిషి కణాల నుంచి ఐపీఎస్ తయారుచేసి, వాటిని నాడీ మూలకణాలుగా మలిచి, సురక్షితమో కాదో పరీక్షించడానికి నెలలు పడుతుంది. గడువు నాలుగు వారాలే. అందుకే క్యోటో విశ్వవిద్యాలయం జపాన్ జనాభాలో చాలామందికి పొసిగే కణజాల రకం ఉన్న దాతల నుంచి ముందే తయారుచేసి నిల్వ ఉంచిన కణాలను వాడారు. పరాయి కణాలు కాబట్టి రోగనిరోధక శక్తిని అణచే మందులు తప్పలేదు. అదే నిల్వ ఇంకో దేశపు జనానికి అంతే బాగా పొసుగుతుందని అనుకోవడానికీ లేదు.

నాడీ మూలకణాలను

వ్యాఖ్యానంలో ఎక్కువసేపు ఆగవలసిన పదం ఇదే.

ఎదిగిన మనిషి మెదడులో, వెన్నుపాములో తెగిన తంతువు మళ్లీ ఎదగదని స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఈ కహాల్ 1928లో ఇంగ్లీషులోకి వచ్చిన తన పెద్ద గ్రంథంలో తేల్చారు. అర్ధశతాబ్దం పాటు అదే తుదిమాటగా చెలామణి అయింది. 1981లో మాంట్రియల్‌లో సామ్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో కాలి నాడి ముక్కను ఎలుక వెన్నుపాముకు వంతెనగా కుడితే, మెదడు కణాల తంతువులు ఆ ముక్కలోకి ఎదిగాయి. ఎదిగే శక్తి తంతువులో చావలేదు, చుట్టూ ఉన్న నేల అనుకూలంగా లేదంతే అని తేలింది. 1992లో కెనడాలోని కాల్గరీలో బ్రెంట్ రేనాల్డ్స్, శామ్యూల్ వైస్ ఎదిగిన ఎలుక మెదడులోంచి విభజన చెందుతూ నాడీకణాలుగా మారగల కణాలను వేరుచేశారు. ఇవే నాడీ మూలకణాలు. ఇవి మూడు రకాలుగా మారతాయి: సంకేతాలు పంపే న్యూరాన్లు, వాటిని పోషించే ఆస్ట్రోసైట్లు, తంతువు చుట్టూ మైలిన్ తొడుగు చుట్టే ఆలిగోడెండ్రోసైట్లు.

ఇవి వెన్నుపాములో ఏం చేస్తాయి? మూడు సమాధానాలున్నాయి. తొడుగు ఊడిపోయి మూగబోయిన తంతువులకు కొత్త మైలిన్ చుట్టవచ్చు. పోషకాలు విడుదల చేసి, చావబోయే కణాలను నిలబెట్టవచ్చు. మూడోది అందరినీ ఆకర్షించేది: తెగిన చోట కొత్త న్యూరాన్ నిలిచి, పైనుంచి వచ్చిన సంకేతం అందుకుని కిందికి అందించవచ్చు.

ఆ మూడోది నిజంగా జరుగుతుందా? 2012లో పాల్ లూ, మార్క్ టుషిన్‌స్కీ శాన్ డియాగోలో చేసిన ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. ఎలుకల వెన్నుపామును ఛాతీ దగ్గర పూర్తిగా కోశారు. రెండు వారాలు ఆగి, ఎలుక పిండాల నుంచి తీసిన కణాలను రక్తం గడ్డకట్టించే ఫైబ్రిన్ జిగురులో, పోషకాలతో కలిపి ఆ ఖాళీలో నింపారు. నాటినవి ఏవో, పాతవి ఏవో తెలియడానికి ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ ఉన్న కణాలనే వాడారు. కొన్ని వారాల తర్వాత వెన్నుపామును పలచని పొరలుగా కోసి చూస్తే, నాటిన చోటి నుంచి వేల ఆకుపచ్చ తంతువులు అటూ ఇటూ దూరదూరాలకు సాగి ఉన్నాయి. ఎలుకలు వెనక కాళ్ల కీళ్లు కదిపాయి. ఒంటి బరువు మోస్తూ నడవలేదు. అప్పుడు పరిశోధకులు అసలు పరీక్ష పెట్టారు. నాటిన చోటికి సరిగ్గా పైన వెన్నుపామును మళ్లీ కోశారు. వచ్చిన కదలిక పోయింది. అంటే సంకేతం ఆ కొత్త కణాల గుండానే కిందికి దిగుతోందన్నమాట.

ఇంత అందంగా ఉన్న ఫలితాన్ని ఇంకొకరు చేసి చూడాలి. ఓస్వాల్డ్ స్టీవార్డ్ బృందం 2014లో చేసి చూసింది. తంతువులు ఎదగడం వాళ్లకూ కనిపించింది. కదలికలో మెరుగు మాత్రం అంత తేటగా కనిపించలేదు. పైగా నాటిన కణాలు వెన్నుపాము వెంట కొట్టుకుపోయి, దూరంగా అక్కడక్కడ గుంపులు కట్టడం గమనించారు. 2016లో టుషిన్‌స్కీ ప్రయోగశాల నుంచే మరో సంగతి బయటపడింది. నాటిన కణాలు వెన్నుపాము రకానివైతేనే, మెదడు నుంచి దిగే ముఖ్యమైన కదలిక తంతువులు వాటిలోకి ఎదుగుతాయి. మెదడు రకం కణాలను నాటితే అవి ఎదగలేదు. కణాలన్నీ నాడీ మూలకణాలే అయినా ఏ చోటివో చూడాలి.

మన హైదరాబాదులోనే దీనికి ఉదాహరణ ఉంది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో ఏళ్ల తరబడి సున్నంతో, యాసిడ్‌తో కాలిన కళ్లకు మూలకణాలతో చికిత్స చేస్తున్నారు. అక్కడ వాడేది నల్లగుడ్డు అంచులో ఉండే లింబల్ మూలకణాలు. కంటి పైపొరను కట్టడమే వాటి సహజ వృత్తి. అందుకే అక్కడ ఫలితం ఉంది. నడుము ఎముక మజ్జలోంచో, పొట్ట కొవ్వులోంచో తీసిన కణాలకు రక్తమో, ఎముకో, కొవ్వో తయారుచేయడం వృత్తి. వాటిని సెలైన్ బాటిల్లో పెట్టి చేతి నరంలోకి ఎక్కిస్తే వెన్నుపాములో న్యూరాన్లు మొలవవు. "మూలకణాలు" అన్న ఒక్క మాట కింద ఈ రెంటినీ కలిపి అమ్మే చోట మోసం మొదలవుతుంది.

ఒక్కొక్కరికి 20 లక్షల చొప్పున

పెద్ద అంకెలా ఉంది గానీ, ఈ రంగంలో ఇది చిన్న మోతాదు. జెరాన్ కూడా 20 లక్షలతోనే మొదలుపెట్టింది. అదే కణాలను తర్వాత ఆస్టీరియస్ కంపెనీ చేపట్టి, 2 కోట్ల దాకా పెంచింది. స్టెమ్‌సెల్స్ అనే మరో అమెరికా కంపెనీ 2011 నుంచి జూరిక్‌లోని బాల్‌గ్రిస్ట్ ఆస్పత్రిలో 2 కోట్ల చొప్పున ఎక్కించింది. తొలి ట్రయల్‌లో మోతాదు తక్కువ పెట్టడం వైద్యంలో ఆనవాయితీ. ముందు హాని లేదని తేలాలి. ఎన్ని కోట్లు ఎక్కిస్తే అంత మేలని ఎవరైనా ధరల పట్టిక చూపిస్తే, ఈ అంకె గుర్తుచేసుకోవాలి.

గాయమైన చోట నాటగా

వరి రైతుకు నారు వయసు తెలుసు. లేత నారు పొలంలో నిలవదు, ముదిరిన నారు పిలకలు వేయదు. నాడీ మూలకణాల సంగతీ అంతే. మరీ లేత దశలో నాటితే అదుపు లేకుండా విభజన చెంది గడ్డ కట్టవచ్చు. బాగా ముదిరిన న్యూరాన్లను నాటితే చచ్చిపోతాయి. కేయో బృందంలోని హిదెయుకి ఒకానో, మసాయా నకమురా ఈ మధ్య దశను పట్టుకోవడానికి ఏళ్లు వెచ్చించారు. నాటే ముందు కణాలకు గామా సెక్రెటేజ్‌ను అడ్డుకునే మందు పట్టించి, విభజన మాని న్యూరాన్లుగా మారే దారికి మళ్లించారు.

నాటడం కూడా సులువు కాదు. 2018లో టుషిన్‌స్కీ బృందం రీసస్ కోతుల మెడ దగ్గర వెన్నుపామును సగం కోసి, మనిషి నాడీ మూలకణాలను నాటింది. ఎలుకల్లో పనిచేసిన పద్ధతి మొదటి కోతుల్లో విఫలమైంది. మెదడూ వెన్నుపామూ తేలే ద్రవం కోతిలో ఎక్కువగా ఉండి, నాటిన కణాలను కడిగేసింది. అప్పుడు జిగురు మోతాదు పెంచారు, ఆపరేషన్ బల్లను వంచి ద్రవాన్ని తగ్గించారు, రోగనిరోధక శక్తిని అణచే మందులు బలంగా ఇచ్చారు. అప్పుడుగానీ కణాలు నిలవలేదు. నిలిచినవి మాత్రం తొమ్మిది నెలలు బతికి, లక్షల కొద్దీ తంతువులను, 50 మిల్లీమీటర్ల దూరం దాకా పంపాయి. ఎలుకలో కుదిరింది మనిషిలో ఎందుకు వెంటనే కుదరదో ఆ వంచిన బల్లే చెబుతుంది.

తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించలేదు

నిజానికి ఆ ట్రయల్ ముఖ్యోద్దేశం ఇదే. జపాన్ ప్రభుత్వం 2019లో అనుమతి ఇచ్చింది. కోవిడ్ వల్ల ఆలస్యమై, మొదటి ఆపరేషన్ 2021 డిసెంబరులో జరిగింది. చూడదలచుకున్నది కణాలు హాని చేస్తాయా లేదా అన్నది. చేయలేదు. ఆ మేరకు ట్రయల్ నెగ్గింది.

భయం దేని గురించి? కణితి గురించి. విభజన చెందే కణాన్ని ఒంట్లో పెట్టాక అది ఎప్పుడు ఆగుతుందో మన చేతిలో ఉండదు. కేయో బృందమే 2015లో ప్రచురించిన ఎలుకల ప్రయోగంలో, ఒక రకం ఐపీఎస్ కణాల నుంచి వచ్చిన నాడీ మూలకణాలు నాటాక ఎలుకలు ముందు కోలుకున్నాయి. కొన్నాళ్లకు వాటి కదలిక మళ్లీ దిగజారింది. కోసి చూస్తే గడ్డలు. తమ పద్ధతిలోని తప్పును తామే పట్టి చాటారు కాబట్టే, మనుషుల దాకా వచ్చేసరికి కణాల ఎంపిక కట్టుదిట్టమైంది.

ఇలాంటి జాగ్రత్తలు తీసుకోని చోట ఏమవుతుందో వైద్య పత్రికల్లో నమోదై ఉంది. విదేశంలో ముక్కు లోపలి పొర కణాలను వెన్నుపాములో పెట్టించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తర్వాత నొప్పి మొదలైంది. తెరిచి చూస్తే వెన్నులో చీమిడి లాంటి ద్రవం స్రవించే గడ్డ ఉందని 2014లో అమెరికా వైద్యులు రాశారు. పక్షవాతానికి దేశదేశాలు తిరిగి మూలకణాలు ఎక్కించుకున్న ఒకాయనకు వెన్నుపాములో పరాయి మనిషి కణాలతో గడ్డ పెరిగిందని 2016లో మరో నివేదిక వచ్చింది. ఎనిమిదేళ్లకు బయటపడే గడ్డను ఏడాది ట్రయల్ చూడలేదు. అందుకే మూలవాక్యంలో "ఏడాది గడిచేసరికి" అని ఉంది.

ఇద్దరిలో

నలుగురిలో ఇద్దరు. సగం అనిపిస్తుంది, నిజమే. కానీ 'ఏ' మెట్టులో ఉన్నవాళ్లలో అయిదింట ఒకరు తమంతట తామే కొంత కోలుకుంటారని పైన చూశాం. నలుగురిని చూసి, ఆ ఇద్దరు కోలుకున్నది కణాల వల్లనా, కాలం వల్లనా, రోజూ చేయించిన ఫిజియోథెరపీ వల్లనా అని తేల్చడం సాధ్యం కాదు. దానికి కణాలు ఎక్కించని మరో బృందం పక్కన ఉండాలి. ఈ ట్రయల్‌లో లేదు.

ఇది ఒక్క కేయోకే వచ్చిన చిక్కు కాదు. ఆస్టీరియస్ ట్రయల్‌లో మెడ గాయాలున్న 25 మందిలో అత్యధికులు ఒక స్థాయి, మూడోవంతు మంది రెండు స్థాయిలు మెరుగయ్యారని నివేదిక వచ్చింది. అక్కడా పోలిక బృందం లేదు. పోలిక బృందంతో ముందుకు వెళ్లిన స్టెమ్‌సెల్స్ కంపెనీ, మొదట ఆశ పుట్టించిన మెరుగు కొనసాగేంత బలంగా లేదని 2016లో ట్రయల్ మూసేసింది. మొదటి నలుగురిలో కనిపించిన వెలుగు తర్వాతి నలభై మందిలో నిలవాలి. చాలా మందులు ఆ మధ్య దూరంలోనే పోయాయి.

కదలిక మెరుగైంది

ఎంత మెరుగైంది? ఒకరు 'ఏ' మెట్టు నుంచి డీకి వచ్చారు. ఆసరా లేకుండా నిలబడి, నడక సాధన మొదలుపెట్టారు. ఇంకొకరు 'ఏ' నుంచి సీకి వచ్చారు. మిగిలిన ఇద్దరి మెట్టు మారలేదు. 'ఏ' నుంచి డీకి రావడం అరుదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఆశపడటంలో తప్పు లేదు.

మరో శంక. కోలుకోవడమంటే నడవడమేనా? బయటివాళ్లం అలాగే అనుకుంటాం. 2004లో కిమ్ ఆండర్సన్ అనే పరిశోధకురాలు, తానూ వెన్నుపాము గాయంతో బతుకుతున్న మనిషి, 681 మందిని ఇదే అడిగారు. చేతులూ కాళ్లూ పడిపోయినవాళ్లలో ఎక్కువమంది మొదట కోరింది చేతులు. కాళ్లు మాత్రమే పోయినవాళ్లు మొదట కోరింది దాంపత్య జీవితం. మూత్రం, విరేచనం మీద అదుపు రెండు వర్గాల్లోనూ పై వరసలో ఉంది. ముద్ద తనంతట తాను కలుపుకోగలగడం, ఎవరినీ పిలవకుండా బాత్రూం పని చేసుకోగలగడం ఫోటోకు అందవు. బతుకులో తేడా అక్కడే తెలుస్తుంది. ట్రయల్ ఫలితం చదివేటప్పుడు "నడిచాడా" అని అడిగే ముందు ఇవి అడగాలి.

తాత్పర్యం

పదాలన్నీ కలిపి చదివితే ఇలా వస్తుంది. కొత్తగా, పూర్తిగా గాయపడిన వెన్నుపాములో సరైన వయసున్న, సరైన రకం నాడీ మూలకణాలను సరైన రోజుల్లో నాటవచ్చు. ఏడాదిపాటు హాని కనిపించకపోవచ్చు. కొందరిలో మేలు జరిగి ఉండవచ్చు. అది కణాల వల్లే అని రుజువు కావడానికి పెద్ద ట్రయల్ జరగాలి. పాత గాయాలకు దారి ఇంకా ప్రయోగశాలల్లోనే ఉంది. వందేళ్ల కింద కహాల్ మూసిన తలుపు కొద్దిగా తెరుచుకుంది. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఆ సందులోంచి నడిచి వెళ్లిపోవచ్చని చెప్పేవాడిని నమ్మనూ అక్కర్లేదు.

మన దేశంలో చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తి ఏదైనా కొత్త మందు కిందికే వస్తుందని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప, మిగతా వాడకం అనుమతి పొందిన ట్రయల్‌లోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు అంటున్నాయి. వెన్నుపాము గాయం ఆ మినహాయింపులో లేదు.

కాబట్టి ఎవరైనా మీ ఇంటి మనిషికి మూలకణాలు ఎక్కిస్తామంటే నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ కణాలు ఒంట్లో ఏ భాగానివి? భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఈ ట్రయల్ నంబరు ఎంత? కణాలు ఎక్కించని బృందం ఉందా? ఖర్చు ఎవరిది? నాలుగో ప్రశ్నకు "మీదే" అన్న జవాబు వస్తే, మిగతా మూడింటి జవాబుల కోసం ఆగకుండా లేచి వచ్చేయండి. ఆ డబ్బుతో మంచి గాలి పరుపు, సరైన వీల్‌చైర్, శుభ్రమైన క్యాథెటర్లు, ఏడాది ఫిజియోథెరపీ వస్తాయి. వెన్నుపాము గాయమైనవాళ్లను పక్కపుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు బలి తీసుకుంటూనే ఉన్నాయి. వాటిని ఆపడం ఇవాళే మన చేతిలో ఉంది. రేపు నిజమైన చికిత్స వచ్చిననాడు దాన్ని అందుకోవడానికి మనిషి బతికి, ఆరోగ్యంగా ఉండాలి.